కొత్త రివాల్వర్ మీద గీతలు పడ్డాయి, పాలిష్ పట్టించనా?

గుణుపూర్ నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న. కొంచెం కుదించి చెబుతున్నాను. ".32 రివాల్వర్ కొని నెల కాలేదు. ఒక్క తూటా కాల్చలేదు. అప్పుడే సిలిండర్ (తూటాలు పెట్టే తిరిగే భాగం) చుట్టూ ఉంగరంలాగా గీత పడింది. బ్యారెల్ మూతి దగ్గర నలుపు పోయి తెల్లగా కనబడుతోంది. ఇవి కాక ఫ్రేమ్‌కి ఎడమ పక్కన వేలెడు గీత ఒకటి ఉంది, అది డబ్బా తెరిచిననాడే ఉందేమోనని అనుమానం. లైసెన్సు కోసం అన్నేళ్లు తిరిగి, ఇంత డబ్బు పోసి కొన్న సరుకు ఇలా ఉంటే కడుపు మండుతోంది. మార్చి ఇస్తారా? లేదంటే పాలిష్ పట్టించి రంగు వేయించుకోవచ్చా?"

ముందు జవాబు చెప్పేస్తాను బాబూ, కారణాలు తర్వాత. సిలిండర్ మీది గీత, మూతి దగ్గరి తెలుపు రెండూ మామూలువే. నూనె గుడ్డతో తుడవడం తప్ప వాటికి ఇంకేం చెయ్యక్కర్లేదు. ఫ్రేమ్ మీది గీత కొన్ననాటిదే అని మీకు గట్టి నమ్మకం ఉంటే దుకాణానికి ఇవాళే కాగితం మీద రాసి ఇవ్వండి. కానీ ఒక్క గీత కోసం తుపాకి మార్చి ఇస్తారని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఇక పాలిష్, ఎమెరీ కాగితం, బ్రాసో, స్ప్రే రంగు... ఇందులో ఏదీ మీ చేత్తో చెయ్యొద్దు. గీత వల్ల తుపాకికి వచ్చే నష్టం కన్నా ఆ గీతను పోగొట్టబోయి తెచ్చుకునే నష్టం ఎక్కువ. ఆ నష్టంలో కొంత పోలీసు కేసు దాకా కూడా పోతుంది, అది కింద చెబుతాను.

నాది పర్లాకిమిడి. సైన్యంలో ఈఎంఈ అనే మరమ్మతుల విభాగంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా చేశాను. రిటైరయ్యాక బరంపురంలో లైసెన్సున్న ఒక ఆయుధాల దుకాణంలో రిపేరు బల్ల దగ్గర కూర్చుంటున్నాను. దగ్గర దగ్గర పదకొండేళ్లు అయింది. మీలాంటి వాళ్లు నెలకి ఒకరిద్దరు వస్తారు. కొత్త బండి కొన్నవాడు మొదటి గీత పడిన రోజు అన్నం తినడు, ఇదీ అంతే.

మొదట మీరు చేయాల్సిన పని ఒకటుంది. తుపాకి ఖాళీగా ఉందో లేదో చూడండి. తూటాలు పెట్టే ఆరు గదులూ కంటితో చూడండి, వేలు పెట్టి కూడా చూడండి. తూటాలు వేరే గదిలో పెట్టండి. ఆ తర్వాత చూపుడు వేలి గోరు గీతకి అడ్డంగా పెట్టి నెమ్మదిగా లాగండి. గోరు ఆగిందా, జారిపోయిందా? మా ఉస్తాద్ నేర్పిన పరీక్ష ఇది. కోత్‌లో, అంటే ఆయుధాలు దాచే గదిలో, బల్లెడు ఆయుధాలు వరసగా పెట్టి, గోరు ఒక్కటే పనిముట్టుగా పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తనిఖీ చేసేవాడు. గోరు జారిపోతే పోయింది పైనున్న నలుపు ఒక్కటే, ఇనుముకి ఏం కాలేదు. గోరు ఆగితే ఇనుములో గాడి పడిందన్నమాట. అప్పుడు ఆ గాడి ఎక్కడ ఉందన్నది ముఖ్యం. ఫ్రేమ్ పక్కన ఉంటే చూపుకి బాగోదు, అంతే. బ్యారెల్ మూతి అంచు మీద, అంటే తూటా బయటికి వచ్చేచోట ఉంటే గురి మీద ప్రభావం పడుతుంది. సిలిండర్ చుట్టూ ఫ్యాక్టరీలోనే చేసిన గాడులు ఉంటాయి (వాటి సంగతి కింద చెబుతాను), వాటి అంచు దగ్గర ఉంటే లోపల ఏదో సరిగా పడటం లేదని అర్థం.

సిలిండర్ గీత సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ మంది బెంబేలెత్తేది దీనికే. సిలిండర్ కింద ఫ్రేమ్‌లో చిన్న ఉక్కు పన్ను ఒకటి ఉంటుంది, కింద స్ప్రింగ్‌తో. సిలిండర్ ఒడ్డున ఆరు గాడులు ఉంటాయి. ట్రిగ్గర్ లాగినప్పుడు ఆ పన్ను కిందికి దిగుతుంది, సిలిండర్ ఒక గది మేర తిరుగుతుంది, పన్ను మళ్లీ పైకి లేచి తర్వాతి గాడిలో టక్కున పడుతుంది. గాడిలో పడే ముందు కొంత దూరం అది సిలిండర్ ఒంటిని రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడికి నలుపు పోయి ఉంగరంలాగా గీత వస్తుంది. గాడి ముందు కొద్ది మేర మాత్రమే పడేవి కొన్ని, చుట్టూరా పడేవి కొన్ని, అది తయారీ పద్ధతిని బట్టి ఉంటుంది. విదేశీ పేరున్న పాత రివాల్వర్లు కూడా ఎన్నో నా బల్ల మీదికి వచ్చాయి. వాడినది ఏదైనా ఈ గీత లేకుండా నేను చూడలేదు.

ఒక్క తూటా కాల్చలేదన్నారు. నమ్ముతాను. కానీ రోజూ సాయంత్రం టీవీ ముందు కూర్చుని ఖాళీ తుపాకి తిప్పుకుంటున్నారు కదూ? నెల తిరక్కుండా గీత పడిందంటే అదే కారణం. తప్పు పట్టడం లేదు, అందరూ చేసేదే. అయితే ఖాళీగా గుర్రం (తుపాకి వెనక సుత్తిలా కొట్టే భాగం) కొట్టించడం తగ్గించండి. గుర్రానికే తూటాని పేల్చే సూది బిగించి ఉండే పాత తరహా రివాల్వర్లలో అలా అదే పనిగా కొట్టిస్తే సూది మొన పాడవుతుంది. చేతి అలవాటు కోసం కావాలంటే డమ్మీ తూటాలు పెట్టుకోండి.

గీత కన్నా గాడి అంచు చూడండి. ఆరు గాడుల అంచులూ పదునుగా ఉన్నాయా, లేక ఒక పక్క ఇనుము పైకి ఉబ్బి గరుకుగా తగులుతోందా? ఖాళీ తుపాకి గుర్రాన్ని బొటనవేలితో నెమ్మదిగా వెనక్కి లాగండి. గుర్రం పూర్తిగా వెనక్కి వెళ్లేలోపే సిలిండర్ 'టిక్' మని కుదురుకోవాలి. ఆరు గదులకీ అలాగే కుదరాలి. ఏదైనా ఒక గది దగ్గర కుదరకపోయినా, గాడి దాటిపోయినా అది టైమింగ్ లోపం. కొత్తదైతే అది దుకాణం వాళ్లూ తయారీదారూ చూడాల్సిన విషయం, నిజంగా పట్టుబట్టాల్సింది దానికోసం. జనం గీత కోసం గొడవ పెట్టుకుంటారు, టైమింగ్ మాత్రం ఎవరూ చూడరు.

మీది పాత తరహాదా, కొత్తదా అన్నది రాయలేదు. మన ప్రభుత్వ ఆయుధ ఫ్యాక్టరీ పాత రకం .32 రివాల్వర్లు నడుం దగ్గర విరిచి తెరిచేవి. 2023లో కాన్పూర్ నుంచి వచ్చిన ప్రబల్ అనే రివాల్వర్‌కి సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది. పక్కకి తెరుచుకునే రకం అయితే ఒక మాట. సినిమాలో హీరో మణికట్టు విదిలించి ఠక్కున మూస్తాడు చూడండి, అది చెయ్యకండి. సిలిండర్‌ని పట్టుకునే చెయ్యి వంగిపోతుంది. గీత పడితే అందం పోతుంది, ఆ చెయ్యి వంగితే తుపాకే పోయినట్టు. మూసేటప్పుడు రెండో చేత్తో నెట్టి మూయండి.

మూతి దగ్గరి తెలుపు తోలు ఒర పని. ఒరలో పెట్టినప్పుడు, తీసినప్పుడు ముందుగా రాసుకునేది మూతి అంచులు, ముందు గురి బుడిపె, సిలిండర్ పైభాగం. తోలు మెత్తనిదే, కానీ అందులో చేరే దుమ్ము మెత్తనిది కాదు. రాయగడ, గుణుపూర్ వైపు ఎర్రమట్టి దారుల్లో బండి మీద తిరిగేవాళ్ల ఒర తిరగేసి దులిపితే పిడికెడు ఎర్ర దుమ్ము రాలుతుంది. అదే మీకు ఎమెరీ కాగితం. నెలకోసారి ఒరను తిరగేసి దులపండి, పొడి గుడ్డ చుట్టిన పుల్ల లోపల తిప్పండి.

ఇక అసలు విషయానికి వస్తాను. పాలిష్ ఎందుకు వద్దంటున్నానో.

మా పర్లాకిమిడిలో కొమ్ము పని పేరున్నది. మా చిన్నప్పుడు వీధి చివర ఒక ఇంట్లో పశువుల కొమ్ములతో కొంగలు, దువ్వెనలు చేసేవారు. కొంగ మెడకి గీత పడితే ఆ పెద్దాయన కత్తి అంచుతో ఒకసారి గీకి, నునుపు చేసి, మెరుగు పెట్టేవాడు. మళ్లీ అదే నలుపు. ఎందుకంటే కొమ్ము లోపలంతా అదే నలుపు. తుపాకి నలుపు అలాంటిది కాదు బాబూ. బాగా కాగిన కాస్టిక్ సోడా, నైట్రేట్ ద్రావణంలో, సుమారు 140 డిగ్రీల దగ్గర ఇనుమును ముంచితే పై పొర ఒక్కటే నల్లని ఆక్సైడ్‌గా మారుతుంది. దాన్నే బ్లూయింగ్ అంటాం. దాని మందం రెండు మూడు మైక్రాన్లకి మించదు. తల వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది, లెక్కేసుకోండి. ఆ పొర కింద తెల్లని ఉక్కే. కొమ్ములాగా గీకితే నలుపు తిరిగి రాదు, గీత ఉన్నచోట ఇంతుండే తెలుపు గీకినచోట అరచేయంత అవుతుంది.

ఇంకో సంగతి. ఆ నలుపు పొర తుప్పుని తనంతట తను ఆపదు. అది సన్నని రంధ్రాలతో ఉంటుంది, ఆ రంధ్రాల్లో నూనె నిలుస్తుంది. తుప్పుని ఆపేది ఆ నూనె. నూనె లేకపోతే నల్లటి తుపాకి కూడా ఎర్రబడుతుంది. నూనె ఉంటే తెల్లగా బయటపడ్డ గీత కూడా ఏళ్ల తరబడి అలాగే మెరుస్తూ ఉంటుంది.

దీనికి నేను కళ్లారా చూసిన రుజువు ఉంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా గజపతి జిల్లా ఎలా అయిందో మీ వైపు వాళ్లకీ గుర్తుండే ఉంటుంది. నీళ్లు తగ్గాక రెండు రివాల్వర్లు ఒకే వారంలో నా బల్ల మీదికి వచ్చాయి. ఒకటి ఒక కాంట్రాక్టర్‌ది. పదిహేనేళ్లు నడుముకి కట్టుకు తిరిగింది, మూతి తెల్లబడింది, సిలిండర్ మీద ఉంగరం మెరుస్తోంది, పిడి చెక్క మీద బోలెడు గాట్లు. కానీ ఆయనకి వారం వారం నూనె గుడ్డతో తుడిచే అలవాటు. తడిసిన బీరువాలోంచి తీస్తే రెండు మూడు చోట్ల తుప్పు మరకలు, గుడ్డతో రుద్దగానే పోయాయి. రెండోది ఒక ఇంటి పెద్దాయనది. కొని ఏళ్లు గడిచినా ఒరలో పెట్టలేదు, ఎవరినీ ముట్టనివ్వలేదు, ఎర్ర మఖమలు పరిచిన డబ్బాలో దాచాడు. ఒంటి మీద గీత అన్నది లేదు. ఆ మఖమలు తేమని పీల్చి పట్టుకుంది. డబ్బా తెరిస్తే మఖమలుకి ఆనిన పక్కంతా గుంటలు గుంటలుగా తినేసింది, గోరు పెడితే దిగుతోంది. ఆ గుంటలు పోవాలంటే ఇనుము గీకాలి, ఇనుము గీకితే అంకెలు పలచబడతాయి. ఆయన ముఖం చూడలేకపోయాను.

అంకెలు అన్నాను కదా. మీ ఫ్రేమ్ మీది గీత తుపాకి నంబరుకి ఎంత దూరంలో ఉందో ముందు చూసుకోండి. 1959 ఆయుధాల చట్టంలో 8వ సెక్షన్ ఉంది. తుపాకి మీద ఉన్న పేరు, నంబరు, గుర్తింపు ముద్ర చెరిపినా, మార్చినా నేరం. ఇంకా గట్టి మాట ఏమిటంటే, అలా చెరిగిన తుపాకి మీ దగ్గర దొరికితే చెరిపింది మీరేనని చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే. గీత పోగొడదామని రుద్దానండీ అంటే ఠాణాలో ఎవరూ అయ్యో పాపం అనరు.

కాశీనగర్ వైపు రైసుమిల్లు ఉన్న ఒకాయన ఇలాగే చేశాడు. పేరు చెప్పను. ఫ్రేమ్ మీద గీత పడిందని మిల్లులో ఉన్న జీరో నంబరు ఎమెరీ కాగితం తీసుకుని ఆదివారం మధ్యాహ్నం అంతా కూర్చుని రుద్దాడు. గీత పోయింది. దాంతో పాటు నంబరులో చివరి అంకె సగం పోయింది. అది 3 అనుకుంటే 3, 8 అనుకుంటే 8. లైసెన్సు రెన్యూవల్‌కి తుపాకి చూపించాల్సి వచ్చినప్పుడు పట్టుబడింది. పాత బిల్లు ఉంది కాబట్టి, లోపలి భాగాల మీద ఉన్న నంబరు సరిపోయింది కాబట్టి చివరికి బయటపడ్డాడు గానీ, ఆ మధ్యలో తిరిగిన తిరుగుడు, ఆ తుపాకి ఠాణాలో పడి ఉన్న కాలం... నాకు చెబుతుంటే ఆయన చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది.

అదే చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకి రిపేరు వృత్తిగా చేసేవాడికి లైసెన్సు ఉండాలి. కాబట్టి ఊళ్లో బండి పెయింటింగ్ షాపులోనో, సైలెన్సర్లకి క్రోమ్ పూత వేసేచోటో తుపాకి ఇచ్చి రావడం రెండు వైపులా తప్పు. మీరు ఇవ్వకూడదు, వాడు తీసుకోకూడదు. స్ప్రే రంగు వేస్తే ఇంకో బాధ కూడా ఉంది. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు కాగితమంత. అక్కడ రంగు చేరితే సిలిండర్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది.

మన సరిహద్దు వాళ్లకి ప్రత్యేకంగా ఇంకో చిక్కు. మనకి భువనేశ్వర్ కన్నా విశాఖపట్నం చేరువ. పెళ్లి బట్టలకీ, ఆస్పత్రికీ, అన్నిటికీ అటే పోతాం. పర్లాకిమిడి నుంచి పాతపట్నం నడిచి వెళ్లేంత దూరం. అలవాటుగా తుపాకి కూడా సంచిలో వేసుకుని విశాఖలో మంచి పనివాడు ఉన్నాడట అని బస్సెక్కకండి. మీ లైసెన్సు పుస్తకంలో ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో రాసి ఉంటుంది, ముందు అది చదవండి. ఒడిశా వరకే అని ఉంటే పాతపట్నం గేటు దాటిన క్షణం నుంచి మీ చేతిలో ఉన్నది లైసెన్సు లేని ఆయుధం కిందికి వస్తుంది. మీరు వెళ్లేది చిన్న గీత బాగు చేయించుకోవడానికి, అది గుర్తుపెట్టుకోండి.

మార్చి ఇస్తారా అన్న ప్రశ్న. నిజం చెప్పాలంటే కష్టం. చొక్కా అయితే మార్చి ఇంకోటి ఇస్తారు. తుపాకి నంబరు బిల్లులో ఎక్కుతుంది, దుకాణం రిజిస్టరులో ఎక్కుతుంది, తర్వాత మీ లైసెన్సులో ఎక్కుతుంది. లైసెన్సులో నమోదు అయ్యాక మార్చాలంటే కలెక్టరేట్ నుంచి మళ్లీ కాగితాలు కదలాలి. అందుకే కొనేటప్పుడు దుకాణంలోనే, సంతకం పెట్టకముందే, గుమ్మం దగ్గర పగటి వెలుగులో చూడాలి. ట్యూబులైటు కింద గీతలు కనబడవు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన గట్టి గ్రీజు తుడిపించి చూడాలి, దాని కింద గోధుమ రంగు చుక్కలు ఉంటే అప్పుడే అడగాలి. మీరు ఆ దశ దాటిపోయారు. అయినా రాసి ఇవ్వండి. గీత పక్కన స్కేలు పెట్టి పగటి వెలుగులో ఫోటో తీసి, బిల్లు నకలు జత చేసి, ఒక కాపీ మీద దుకాణం ముద్ర వేయించుకోండి. రేపు టైమింగ్ లాంటి అసలు లోపం బయటపడితే, మొదటి నెలలోనే ఫిర్యాదు చేశారన్న కాగితం పనికొస్తుంది. ఫోటోలు ఇంకెవరికైనా పంపేటప్పుడు మాత్రం నంబరు మీద వేలు పెట్టి తీయండి.

ఒక్కోసారి గీత ఎవరిదో చెప్పలేం కూడా. ఎన్నికలప్పుడు లైసెన్సు ఆయుధాలు డిపాజిట్ చేయమంటారు కదా. 2024లో ఒక ఠాణాలో అప్పగించిన తుపాకులు నాలుగైదు, తిరిగి ఇచ్చాక వరసగా నా దగ్గరికి వచ్చాయి. ఒక్కో దాని పక్కన ఒకే రకం వాలుగీతలు. అన్నీ ఒకే ఇనుప పెట్టెలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్నారు. అప్పటినుంచి నేను అందరికీ చెప్పేది ఇదే: డిపాజిట్ చేసేముందు తుపాకి అంతా నూనె పట్టించి, దళసరి కాటన్ గుడ్డలో చుట్టి, ఆ పైన తాడు కట్టి ఇవ్వండి. రసీదులో నంబరుతో పాటు 'గీతలు లేవు' అనో 'ఎడమ పక్క ఒక గీత ఉంది' అనో రాయించుకోండి. రాయడానికి విసుక్కుంటారు, అయినా అడగండి.

ఇక ఇంట్లో ఏం వాడాలి. తుపాకి నూనె దొరికితే అదే. దొరకకపోతే కుట్టు మిషను నూనె పర్వాలేదు, కాకపోతే తొందరగా ఆరిపోతుంది, వారానికోసారి తుడుచుకోవాలి. డబ్ల్యూడీ-40 తడిసినప్పుడు నీటిని వెళ్లగొట్టడానికి మంచిది, దాన్నే కాపలా నూనెగా నమ్ముకోకండి. కొబ్బరి నూనె వద్దు, ఆవనూనె అసలే వద్దు. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. కొరాపుట్ వైపు చలికాలం పొద్దున్నే చూస్తే పన్ను కదలని రివాల్వర్లు అవే. ఆవనూనె నెల తిరిగేసరికి జిగురై దుమ్మంతా పట్టుకుంటుంది. బ్రాసో, చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి బిందెకి వాడేవన్నీ తుపాకి నలుపుకి శత్రువులు. పులుపు తగిలిందంటే బ్లూయింగ్ నిమిషాల్లో లేచిపోతుంది.

పూజ మాట కూడా చెప్పాలి, నొచ్చుకోకండి. దసరా వెళ్లిన వారానికి ఏటా ఒకటో రెండో వస్తాయి. పోయినసారి వచ్చిన రివాల్వర్‌కి ఫ్రేమ్ మీద పసుపు, గంధం, దాని మధ్యలో కుంకుమ బొట్టు. పైగా కొట్టిన కొబ్బరికాయ నీళ్లు చిలకరించారు. భక్తిగా మూడు రోజులు అలాగే ఉంచారు. తడిగుడ్డతో బొట్టు తుడిచాను. దాని కింద సరిగ్గా రూపాయి బిళ్లంత గుండ్రంగా తుప్పు, అంచులు కూడా గీసినట్టు. తడి గంధం మూడు రోజులు తేమ పట్టి ఉంచింది, కొబ్బరి నీళ్లలో ఉప్పు ఉంటుంది, ఇంకేం కావాలి. పూజ చేసుకోండి. నూనె పట్టించిన తుపాకిని గుడ్డలో చుట్టి, బొట్టు ఆ గుడ్డ మీద పెట్టండి. లేదంటే ఒరకి పెట్టండి. మా ఇంట్లో అమ్మ నా స్క్రూడ్రైవర్లకి కూడా బొట్టు పెడుతుంది, ఆ పిడి చెక్కకే పెట్టమంటాను, మొనకి వద్దంటాను.

చెమట కూడా అంతే. కొందరి చేతి చెమట మరీ ఉప్పు. గోపాల్‌పూర్ సముద్రపు గాలిలో పని చేసినప్పుడు, ఒక కుర్రాడు ముట్టుకున్న పిస్టల్ మీద తెల్లారేసరికి అయిదు వేళ్ల ముద్రలూ గోధుమ రంగులో అచ్చుపడేవి. ఎవరు ముట్టారో అడగక్కర్లేకపోయేది. ఇంట్లో చుట్టాలు వచ్చి చూస్తామంటే చూపించకపోవడమే మంచిది. తప్పక చూపించారా, వెంటనే తుడవండి. బీరువాలో పెట్టేటప్పుడు తోలు ఒరలో గానీ, స్పాంజి డబ్బాలో గానీ ఉంచకండి, నూనె తడిపిన కాటన్ గుడ్డలో ఉంచండి. పక్కన సిలికా జెల్ పొట్లాలు నాలుగు పడేయండి, వానాకాలంలో మార్చండి.

సిలిండర్ ముందు ముఖం మీద నల్ల మచ్చలు వస్తాయి, మీరు కాల్చడం మొదలుపెట్టాక. అది మసి. కొత్తవాళ్లు దాన్ని తెల్లగా చేద్దామని రుద్ది రుద్ది బ్లూయింగ్ మొత్తం లేపేస్తారు. గట్టిగా పేరుకోకుండా తుడవండి చాలు, మచ్చని వదిలేయండి. పిస్టల్ వాడేవాళ్లు ఎవరైనా చదువుతుంటే: కాల్చిన తూటా ఖాళీ కేసు (తొడుగు) బయటికి ఎగిరే కిటికీ దగ్గర పసుపుపచ్చ చార కనబడితే అది గీత కాదు, కేసు ఇత్తడి ఉక్కుకి అంటుకున్నది. నూనె గుడ్డతో పోతుంది. తెల్లగా కనబడితే నలుపు పోయింది, పసుపుపచ్చగా కనబడితే ఇత్తడి చేరింది, ఇంతే తేడా. సైన్యం 9ఎంఎం 1ఏ పిస్టళ్ల మీద ఈ రెండూ ఉండేవి, ఎవరూ పట్టించుకునేవారు కాదు. తనిఖీకి వచ్చిన ఆఫీసర్ బ్యారెల్ లోపల చూసేవాడు, బ్యారెల్ లోపల తుడిచే తాడుకి (పుల్‌త్రూ) కట్టిన గుడ్డ ముక్క లాగి తెల్లగా వచ్చిందా అని చూసేవాడు.

గీత కళ్లకి గుచ్చుకుంటోంది, నిద్ర పట్టడం లేదు అంటే ఒక దారి ఉంది. దాన్ని కోల్డ్ బ్లూ అంటారు, సీసాలో వచ్చే మందు. అందులో చాలావరకు సెలీనియం కలిసిన రసాయనం ఉంటుంది, విషం, చేతి తొడుగులు లేకుండా ముట్టకూడదు. గీత చోట నూనె ఆనవాలు లేకుండా తుడిచి, దూది పుల్లతో రాసి, కడిగి, మళ్లీ నూనె పెడతాం. నేను బల్ల మీద చేస్తుంటాను. కానీ ఉన్నదున్నట్టు చెబుతున్నాను, అది అసలు నలుపుతో కలవదు. ఎండలో చూస్తే బూడిద రంగు అతుకులాగా తెలుస్తుంది, ఒరకి రాసుకుంటే ఆరు నెలల్లో పోతుంది. స్టీలు స్టెయిన్‌లెస్ అయినా, ఫ్రేమ్ అల్యూమినియం అయినా ఆ మందు పని చెయ్యదు. మొత్తం తుపాకి మళ్లీ హాట్ బ్లూ, అంటే పైన చెప్పిన కాగిన ద్రావణంలో ముంచే బ్లూయింగ్, చేయించడం కొత్తదానికి దండగ. దానికి ముందు మెరుగు పెట్టే బఫింగ్ చక్రం మీద పెడితే ముద్రలూ అంకెలూ పలచబడతాయి, పదునైన అంచులు గుండ్రమవుతాయి. ఇరవై ఏళ్లు వాడాక, అంకెలు లోతుగా ఉంటే, అప్పుడు ఆలోచించండి. ఈలోగా అంత బాధగా ఉంటే నల్ల పర్మనెంట్ మార్కర్‌తో ఒక గీత గీసుకోండి. నవ్వకండి, నా దుకాణంలోనే ఇద్దరు అలా చేస్తారు. నూనె తగిలితే పోతుంది, మళ్లీ గీసుకుంటారు, ఎవరికీ నష్టం లేదు.

మీ ఫ్రేమ్ గీత ఒక్కటే నాకింకా తేలలేదు. గోరు ఆగుతోందా, నంబరుకి ఎన్ని వేళ్ల దూరం, గీత ట్రిగ్గర్ వైపు వాలి ఉందా పిడి వైపు వాలి ఉందా, ఈ మూడూ రాయండి. పిడి వైపు వాలి ఉంటే మీ బెల్టు బకిలు పనే అయి ఉంటుంది, దుకాణం వాళ్లని తిట్టేముందు ఒకసారి బెల్టు పెట్టుకుని అద్దం ముందు చూసుకోండి. బరంపురం వచ్చే పని ఉంటే ఖాళీ తుపాకీ, లైసెన్సు పుస్తకం, బిల్లు మూడూ పట్టుకురండి. తూటాలు ఇంట్లోనే ఉంచి రండి.